మాత్రం మాస్టారు

కటింగ్ మాస్టరు నోటి వెంట "మాత్రం" లేకుండా ఒక్క వాక్యం బయటికి వచ్చేది కాదు. "టీ తాగుతాను, చక్కెర మాత్రం వద్దు." "కోటు రేపు ఇస్తాను, పొద్దున మాత్రం కాదు." "మీ మాట కాదనను, ప్యాంటు పొడవు మాత్రం నేను చెప్పినంతే ఉంటుంది." వీధిలో వాళ్లు అతనికి మాత్రం మాస్టారని పేరు పెట్టి చాలా కాలమైంది. ఆ సంగతి అతనికీ తెలుసు. "పిలుచుకోండి, నా ఎదురుగా మాత్రం వద్దు" అనేవాడు.

చూడటానికి చిన్న మాటే గాని మహా గడుసుది. ఎలాంటి వాక్యానికైనా దొడ్డిగుమ్మం పెట్టగలదు. ముందు గుమ్మంలో నిలబడి అన్నిటికీ ఒప్పుకుని, వెనక గుమ్మంలోంచి జారుకోవచ్చు. బట్టలు ఆలస్యమైనప్పుడు ఆ గుమ్మం అతనికి ఎన్నోసార్లు అక్కరకొచ్చింది. తర్వాత్తర్వాత దాన్ని ఇంకా పెద్ద పనికి వాడుకున్నాడు.

ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక తెర. షాపులో పొడుగాటి కటింగ్ టేబులు, గోడకు వంపు స్కేళ్లు, కిటికీ పక్కన తల లేని బొమ్మ, ఆ బొమ్మ మీద ఎప్పుడూ సగం కుట్టిన కోటొకటి. అతను కత్తిరిస్తే భార్య కాజాలు కుట్టేది, అంచులు మడిచేది, గుండీలు వేసేది. పెద్ద కత్తెర మాత్రం అతనిది. దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. భార్యకు దారం తెంపాలన్నా పళ్లే గతి. ఎవరైనా ఆ కత్తెరతో కాగితం కత్తిరిస్తే మాస్టరు ఆ పూట అన్నం మానేసేవాడు.

ఏళ్ల తరబడి ఆ టేబులు మీద వంగీ వంగీ, ఒకనాడు గుడ్డ తాను ఎత్తబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆస్పత్రిలో నడుముకు ఆపరేషన్ చేశారు. బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు సర్జన్ గట్టి నొప్పి మాత్రలు రాసి, "నొప్పి ఉంటే వేసుకోండి" అని చీటీ చేతిలో పెట్టి తర్వాతి రోగిని పిలిచాడు. ఎప్పుడు మానాలో చెప్పడానికి ఆయనకు తీరిక లేదు, అడగడానికి ఇతనికి తోచలేదు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు ఇద్దరూ సంతోషంగా విడిపోయారు.

ఆ మాత్రలో ఒక సుగుణం ఉంది. అది నడుము దగ్గర ఆగదు. కస్టమరు గుమ్మంలో నిలబడి తిడితే నొప్పి లేదు. భార్య నిలదీస్తే నొప్పి లేదు. చిన్నప్పుడు కొలతబద్ద విరిగేదాకా తండ్రి కొట్టిన దెబ్బ ఒకటి లోపలెక్కడో ఉండిపోయింది, అది కూడా చల్లబడింది. ఇంత హాయి లోకంలో ఉందని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పుకోవాలంటే అక్కడ అతని తప్పేమీ లేదు, ఆ హాయిని ఎవరు వద్దంటారు? తప్పంతా దాన్ని పోనివ్వకుండా పట్టుకోవడానికి అతను కుట్టిన కథల్లో ఉంది. చెయ్యి తిరిగిన దర్జీ కాబట్టి కథలు కూడా బాగానే అతికాయి.

మొదటి కథ బావమరిదికి చెప్పాడు. భార్య తమ్ముడికి వీధి చివర మందుల షాపుంది.

"చీటీ ఉందా బావా?"

"చీటీ ఉంది, ఇంట్లో మాత్రం ఉంది."

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఇతను మరీ ఎక్కువగా కోరాడు, అడిగినప్పుడల్లా ఇచ్చాడు. నడుము కాస్త కుదుటపడింది, కుట్లు మానాయి, మాత్రలు మాత్రం మానలేదు. ఒకటి రెండైంది, రెండు ఇంకాస్త అయ్యాయి. "ఇవాళ మాత్రం వేసుకుంటాను" అని మొదలుపెట్టి, రేపును కూడా ఇవాళ చేసుకోవడం నేర్చాడు. రాతలో మాత్రకూ మాత్రానికీ తేడా ఒక్క సున్నా. మాస్టరు ఆ సున్నా చుట్టూ గానుగెద్దులా తిరిగాడు.

గీతలు గీసే చాక్ చేతిలో పట్టుకుని టేబులు దగ్గర నిలబడే కునికేవాడు. "నిద్రపోతున్నారా?" అని భార్య అడిగితే "కొలత ఆలోచిస్తున్నా" అనేవాడు. ఒకసారి ఆవిడ అతని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"మీ కళ్లలో పాపలు సూదిబెజ్జాలంత అయిపోయాయి. దారం కూడా దూరదు."

"ఎండ కదా," అన్నాడు. బయట ముసురు పట్టి ఉంది.

అప్పుడొచ్చింది హెడ్మాస్టరు గారి కోటు. పక్క వీధి బడిలో హెడ్మాస్టరు ఆయన, రిటైరవుతున్నాడు. జన్మలో ఎప్పుడూ కోటు తొడిగినవాడు కాదు. పాత విద్యార్థులంతా కలిసి మంచి గుడ్డ కొనిచ్చి, సభకు కోటులో రమ్మన్నారు. ఆయన ఆ గుడ్డను రెండు చేతులా పట్టుకుని తెచ్చి, "మాస్టారూ, నన్ను మనిషిలా కనిపించేట్టు చెయ్యాలి" అన్నాడు. "అదెంత పని మాస్టారూ" అన్నాడు ఈ మాస్టరు.

దర్జీ పనిలో అక్షరాభ్యాసం లాంటి పాఠం ఒకటుంది. గుడ్డకు మొహం, వీపు ఉంటాయి. మొహానికి మొహం ఆనించి మడత పెట్టి కత్తిరిస్తే కుడిచెయ్యి ఒకటీ ఎడమచెయ్యి ఒకటీ వాటంతటవే వస్తాయి. మడత పెట్టడం మరిచి, కాగితం నమూనా ఒకే వైపు పరిచి రెండుసార్లు కత్తిరిస్తే రెండూ ఒకే చేతివి అవుతాయి. ఊళ్లో దర్జీ ఎవరైనా ఆ తప్పు చేస్తే మాత్రం మాస్టారు నెల్లాళ్లపాటు చెప్పుకుని నవ్వేవాడు. చేతులు అతికించడానికి కూర్చున్న భార్య ముందు ఒక ముక్కను, తర్వాత రెండో ముక్కను, మళ్లీ మొదటి ముక్కను బొమ్మ మీద పెట్టి చూసింది.

"ఏవండీ, హెడ్మాస్టరు గారికి రెండూ ఎడమ చేతులేనా?"

మాస్టరు వచ్చి చూశాడు. రెండు ముక్కలూ తిరగేశాడు. "గుడ్డలో ఏదో తేడా ఉంది," అన్నాడు చివరికి.

"గుడ్డలో లేదు, గుడ్డ ముందు నిలబడ్డ మనిషిలో ఉంది."

ఆవిడ మిగిలిన పేలికలన్నీ ఏరి, చంక కిందికి పోయేచోట అతుకు వేసి, కుడిచెయ్యి ఒకటి ఎలాగో పుట్టించింది. అయ్యాక పెద్ద కత్తెర టేబులు మధ్యలో పెట్టింది.

"ఇంకొక్కసారి మాత్ర ముట్టారని తెలిస్తే ఈ కత్తెర మీ చేతికి రాదు. షాపు మూసేస్తాను. నేను వేరే షాపులో కాజాలు కుట్టుకుని బతుకుతాను. మీరు ఆ బొమ్మ పక్కన నిలబడండి, దానికీ తల లేదు."

అతనికి నిజంగా భయం వేసింది. పద్నాలుగో ఏట పట్టిన కత్తెర అది, అది లేకపోతే తను ఎవరో అతనికి తెలియదు. "ఇక ముట్టను," అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ అది నిజమే.

ఆవిడ అక్కడితో ఆగకుండా తమ్ముడి షాపుకు వెళ్లింది.

"బావ అడిగితే ఎలా కాదంటానక్కా?"

"నోటితో అనరా," అంది ఆవిడ.

మందుల షాపు మూతపడ్డట్టే అయింది. మర్నాటికల్లా మాస్టరుకు ముక్కు కారడం మొదలైంది. ఆవులింత మీద ఆవులింత, చెమటలు, కడుపులో మెలితిప్పు, ఎండలో కూర్చున్నా ఒళ్లంతా గగుర్పాటు. కాళ్లు తన మాట వినకుండా వాటంతటవే కదిలేవి. "జలుబు" అని చెప్పుకుని తిరిగాడు. నడుము నొప్పి ఒకప్పుడు నడుములోనే ఉండేది, ఇప్పుడు వెంట్రుకల్లో కూడా ఉంది. చచ్చిపోతానేమో అనుకున్నాడు. డాక్టరును అడగవచ్చు గదా అంటారా, అడిగితే మొత్తం చెప్పాలి. చెప్పడం కన్నా పన్ను పీకించుకోవడం తేలికనిపించింది.

వేళాకోళం కాదు, నిజంగానే పీకించుకున్నాడు. మాస్టరుకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి పలువరస. ఊరి చివర పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని దవడ పట్టుకుని మూలిగాడు.

"పన్ను బాగానే ఉందండీ," అన్నాడు పళ్ల డాక్టరు అద్దం పెట్టి చూసి.

"చూపుకు బాగానే ఉంటుంది, నొప్పి మాత్రం చంపేస్తోంది."

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. ఇతను రాయిని వెతుక్కుంటూ బస్సెక్కి మరీ వెళ్లాడు. చక్కటి దవడపన్ను ఒకటి పళ్లెంలో ఠంగుమని పడింది. ఏడ్చి, బతిమాలి, పాత ఆపరేషన్ మచ్చ చూపించి, గట్టి మాత్రలే రాయించుకున్నాడు. బుగ్గ వాచి, నోట్లో దూది పెట్టుకుని, కొన్నాళ్లుగా లేనంత సంతోషంగా ఇంటికొచ్చాడు.

ఇక దాచడం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఈశ్వరుడికి పెళ్లామంత ఓపిక ఉండదు. చాక్ డబ్బా, గుండీల డబ్బా, మిషను సొరుగు, ఇస్త్రీ బల్ల కింద పరిచిన దుప్పటి, ఆవిడ వెతకని చోటు లేదు. వెతకని చోటు ఒక్కటే, ఆవిడ స్వయంగా కుట్టి ముగించిన చోటు. హెడ్మాస్టరు గారి కోటు సిద్ధమై బొమ్మ మీద ఉంది. మాస్టరు చంక దగ్గర లైనింగు రెండు కుట్లు విప్పి, ఎడమ భుజం ప్యాడ్ కింద మాత్రల అట్ట దోపి, మళ్లీ కుట్టేశాడు. దొంగ పనైనా ఆ కుట్టు మాత్రం ముత్యంలా పడింది. ఇవ్వాల్సిన రోజుకు ముందే తీసేస్తే సరి అనుకున్నాడు. అనుకుని, అట్టలోంచి ముందే తీసి ఉంచుకున్నవి వేసుకుని, కుర్చీలో వాలాడు.

కళ్లు తెరిచేసరికి బొమ్మ మీద కోటు లేదు. సభ ఆ మధ్యాహ్నమే, రోజుల లెక్క అతనికి ఎప్పుడో తప్పింది. హెడ్మాస్టరు కబురు పంపితే భార్య కోటు పట్టుకుని వెళ్లి, ఆయన ఉండమంటే ఉండిపోయింది. మాస్టరు కత్తెర జేబులో దోపుకుని, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసుకుని బడికి పరుగెత్తాడు.

స్టాఫ్ రూములో హెడ్మాస్టరు కోటు తొడుక్కుని, ఫొటోలో మనిషిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. చుట్టూ టీచర్లు. వచ్చినవాళ్లల్లా ఆప్యాయంగా భుజం తట్టి అభినందనలు చెబుతున్నారు. తట్టినప్పుడల్లా భుజం కరకరమంటోంది. లెక్కల మాస్టరు తట్టాడు, కరకర. ఆటల మాస్టరు గట్టిగా తట్టాడు, కరకరకర. ఎవరికి వాళ్లు మర్యాద కొద్దీ విననట్టు ఊరుకుంటున్నారు.

"రండి మాస్టారూ," అన్నాడు హెడ్మాస్టరు ఇతన్ని చూసి. "కోటు దివ్యంగా ఉంది. కొత్తది కదా, మొదట్లో ఇలాగే చప్పుడు చేస్తుందేమో?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మన మాస్టరు ఇంకా ఘనుడు, ఎదుటివాడి భుజం తడిమాడు. "ఒక్క కుట్టు సరిచెయ్యాలి. ఒక్క నిమిషం మాత్రం," అన్నాడు. హెడ్మాస్టరు అందరినీ హాల్లోకి పంపి, కోటు విప్పి ఇచ్చి, చొక్కాతో బల్ల మీద కూర్చున్నాడు.

కత్తెర మొనతో కుట్టు విప్పాలి. పెళ్లయిన కొత్తలో కళ్లు మూసుకుని భార్యకు చేసి చూపించిన పని అది. ఈసారి మొన జారి లైనింగుతోపాటు పైగుడ్డను కూడా పట్టుకుంది, అతను గమనించేలోపే కత్తెర రెండు అంచులూ దగ్గరకొచ్చాయి. కోటు భుజం బెత్తెడు పొడుగున నోరు తెరిచింది. అందులోంచి మాత్రల అట్ట కిందపడింది.

హెడ్మాస్టరు వంగి దాన్ని తీశాడు, కళ్లజోడు పెట్టుకుని పేరు చదివాడు. ఆయన తల్లి ఆఖరి రోజుల్లో మంచం పక్కన ఆ అట్టలే ఉండేవి. కాసేపు అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టాడు.

"మీ బరువు నా భుజాన వేశారన్నమాట," అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మాస్టరు ఏదో ఒక కథ చెప్పేవాడే. సిగ్గుతో అతనికి చెవులు కాలిపోయాయి. తలెత్తేసరికి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు గాని, చూడవలసినదంతా చూసింది.

ఆవిడ చీర చెంగుకు గుచ్చిన సూది తీసి, కోటు అంచులోంచి దారపుపోగు లాగి, కిటికీ దగ్గర కూర్చుని రఫ్ఫు చేసింది. అవతల హాల్లో మైకు గరగరలాడుతోంది, ఎవరో హెడ్మాస్టరు గారి క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్నారు. కుట్టు అయ్యాక ఆవిడ దారం పళ్లతో తెంపి, కోటు ఆయనకు తొడిగించింది.

"వెళ్లండి అన్నయ్యగారూ. ఇంక చప్పుడు చెయ్యదు."

ఆయన వెళ్లాక భర్త వైపు తిరిగి చెయ్యి చాపింది. అతను కత్తెర ఇచ్చేశాడు. ఇచ్చాక తెలిసింది అతనికి, ఇస్తున్నంతసేపూ తను కత్తెర వైపు చూడనే లేదు, బల్ల మీద అట్ట వైపు చూస్తున్నాడు. చేతిలోంచి బతుకు పోతుంటే కన్ను అటు పోలేదు. ఆ మధ్యాహ్నం జరిగిన వాటన్నిటిలో అతన్ని వణికించింది అదొక్కటే.

"మానేస్తాను," అన్నాడు. "నావల్ల మాత్రం కావడం లేదు."

"ఇన్నాళ్లకు ఆ మాట ఒక నిజం చెప్పింది," అంది ఆవిడ. "పదండి."

వ్యసనాల విభాగం ఆస్పత్రిలో చర్మవ్యాధుల వరుసలోనే ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చున్న ప్రతివాడూ మోచెయ్యి గోక్కుంటూ ఉంటాడు, ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే దురదకని చెప్పుకోవచ్చు. మాస్టరు కూడా గోక్కున్నాడు. లోపల డాక్టరమ్మ అతని కథ మొత్తం విన్నది. నడుము గురించి చెప్పాడు, సర్జన్ను తిట్టాడు, బావమరిదిని తిట్టాడు, పన్ను చూపించబోయి లేదని గుర్తొచ్చి నోరు మూశాడు.

"ఒక్కసారిగా ఆపకూడదండీ, ఇంట్లో మీరు చేసిన పొరపాటు అదే. మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ వద్దాం. మాత్రలు మీ ఆవిడ దగ్గరుంటాయి. నడుముకు వేరే వైద్యం ఉంది, వ్యాయామం ఉంది," అన్నది డాక్టరమ్మ. తర్వాత కాస్త నవ్వి, "ఇప్పుడు చెప్పిందంతా ‘మాత్రం’ తీసేసి మళ్లీ చెప్పండి," అన్నది.

మాస్టరు నోరు తెరిచాడు. నాలుగుసార్లు మొదలుపెట్టాడు, నాలుగుసార్లూ ఆగిపోయాడు.

"ఆ మాటకు చివర ఉన్న సున్నా తీసేసి చూడండి. మీ చేతిలో మిగిలేది మాత్రే," అన్నది.

వారం వారం అక్కడ ఒక గుంపు కూర్చునేది. తన ఒక్కడిదే జబ్బనుకున్న మాస్టరుకు అక్కడ జనాన్ని చూస్తే కాస్త అవమానంగా కూడా అనిపించింది. పోను పోను ఒకటి గమనించాడు, అందరికీ ఒక్కో మాట ఉంది. లారీ డ్రైవరుది "కాస్త." రిటైరైన నర్సుది "ఎలాగూ." ఎలాగూ నిద్ర పట్టదు, ఎలాగూ సీసా తెరిచాను. ఎవరి దొడ్డిగుమ్మం వాళ్లది. ఎదుటివాడి గుమ్మం చూస్తే అందరికీ నవ్వే.

బాగుపడటం అనేది అందంగా ఏమీ జరగలేదు. వేసుకున్న మాత్ర వాంతయిందని అబద్ధమాడి ఇంకోటి అడిగాడొకసారి. ఆవిడ బకెట్టు చూపించమంది. పాత చీటీ పట్టుకుని పొరుగు వీధి మందుల షాపు దాకా వెళ్లి, అద్దంలో తన మొహం చూసుకుని వెనక్కొచ్చాడు, వచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. నడుము నొప్పి ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే లేవగానే పలకరించేది, గోడకు వీపు ఆనించి డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలు చేస్తే కాస్త తగ్గి కూర్చునేది.

ఇంతకాలం షాపు ఎవరు నడిపారంటే ఆవిడే. కత్తెర ఆవిడ పట్టింది. ఆవిడ కత్తిరింపు అంత గొప్పదేం కాదు, ఊళ్లో సగం మంది చంకలు బిగుతైన చొక్కాలతో తిరిగారు. మాస్టరు గోడ పక్క స్టూలు మీద కూర్చుని కాజాలు నేర్చుకున్నాడు. మొదటి కాజా చూసి ఆవిడ, "ఇది గుండీకా, పిల్లి దూరడానికా?" అంది. ఇన్నేళ్లూ ఆ పనిని ఆడవాళ్ల చిల్లర పని అని వెక్కిరించినవాడు, వేలిని పొడిచిన సూదిని లాగి ఇంకో కాజా మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ చివరి మాత్ర కూడా ఆపించి చాలా రోజులైంది. అయినా కత్తెర సంగతి అతను అడగలేదు, ఆవిడ ఎత్తలేదు. ఒకరోజు పొద్దున హెడ్మాస్టరు ఇంకో గుడ్డ పట్టుకుని వచ్చాడు. మొదటి కోటుకు ఎడమ భుజం రఫ్ఫు అలాగే ఉంది, దాన్నే తొడుక్కుని వచ్చాడు. గుడ్డ టేబులు మీద పెట్టి, "తొందరేం లేదు మాస్టారూ" అని వెళ్లిపోయాడు.

మాస్టరు కాజా పని పక్కన పెట్టాడు. లేవబోయి నడుము పట్టుకుని కాసేపు ఆగాడు.

"నొప్పిగా ఉంది," అన్నాడు.

ఆవిడ చేతిలో పని ఆపింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడకు అలవాటైపోయింది, అతని వాక్యం సగం అయ్యాక రెండో సగం కోసం ఎదురుచూడటం. ఆ రెండో సగం ఎప్పుడూ ఒకే మాటతో మొదలవుతుంది.

"ఊఁ, ఇంకా?" అంది.

"ఇంకేం లేదు. నొప్పిగా ఉంది, అంతే."

ఆవిడకు ఏడుపొచ్చింది. అది కనిపించకుండా తెర చాటుకు వెళ్లి, పెద్ద కత్తెర తెచ్చి, పిడి అతని వైపు తిప్పి పట్టుకుంది.

"ఈసారి గుడ్డ మడత పెట్టి కత్తిరించండి," అంది.